పందికొక్కు ఒంటరిగా, బోడెలుకలు గుంపుగా... ఎందుకట్లా?

ఏర్పేడు పక్కన వరికోతలు అయినాక ఒక యానాది తాత గెనెం మీద కలుగు తవ్వతా ఉంటే చూస్తా నిలబడినా. మూడు చోట్ల మట్టి ఎగదోసి ఉంది, నోరు మాత్రం లోపల్నుంచి మట్టితో మూసేసుకుంది, తీరా చూస్తే ఉండేది ఒకటే పందికొక్కు. ఇంకోటి లేదా తాతా అంటే, "ఇంకోటొస్తే కొరికేస్తాది నాయనా, పిల్లతల్లి కలుగులోనే నాలుగైదు ఉంటాయి" అన్నాడు. పుస్తకాల్లోనూ ఇదే రాసుంది. (ఇంగ్లీషోళ్ల బ్యాండికూట్ మన పందికొక్కే, మాట ఇక్కణ్ణుంచే పోయింది.)

మరి కొన్ని బొరియ ఎలుకలు గుంపుగా ఎందుకుంటాయి? ఈ ప్రశ్నకి ఊపొచ్చింది 1976లో. అమెరికాలో రిచర్డ్ అలెగ్జాండర్ అని పురుగుల సైంటిస్టు, చీమల మాదిరి ఒక్క రాణే కని మిగతావి చాకిరీ చేసే క్షీరదం అంటూ ఉంటే అది ఎండు నేలలో, గట్టి మట్టి కింద, పెద్ద దుంపలు తింటా బతకాలని లెక్చర్లలో ఊహించి చెప్పినాడు, చూసింది కాదు, ఉత్త ఊహే. అరిజోనాలో అది విన్న టెర్రీ వాన్ అనే ఆయన, ఇది అచ్చం ఆఫ్రికాలో ఉండే నేకెడ్ మోల్ ర్యాట్ కదా అన్నాడంట! అదే బోడెలుక. వాటిని అప్పటికే ఏళ్లుగా చూస్తా ఉన్న జెన్నిఫర్ జార్విస్ 1981లో సైన్స్ పత్రికలో బయటపెట్టింది, గుంపులో నిజంగానే కనేది ఒక్క రాణే. గుంపుకి సగటున 70, 80, ఒక్కోచోట 300 దాకా.

కారణం కరువు అన్నారు. వాన లేకపోతే మట్టి రాయి, దుంపలేమో ఎక్కడో ఒకటి, ఒంటరిది తవ్వితవ్వి అది దొరికేలోపే చస్తాది, అదే గుంపయితే వాన పడిన నాలుగు రోజుల్లో తలా ఒక దిక్కు తవ్వేస్తాయి. ఎండాకాలం పలమనేరు శెనక్కాయ చేన్లో గడ్డపార దించినోళ్లకి ఇది ఇట్టే అర్థమవుతాది.

అయితే అర్జెంటీనాలో ఐలీన్ లేసీ అనే సైంటిస్టు చూసిన టుకోటుకోలు, అవీ బొరియల్లో ఉండే ఎలుకల మాదిరి జీవాలే, ఈ లెక్కని తిరగేసినాయి. అక్కడ ఎండు నేలలో ఉండేది ఒంటరిది, పచ్చిక తేమలో ఉండేదే గుంపు! ఆ పచ్చిక తునకలు తునకలుగా ఉంటాది, కూతుళ్లు బయటికి పోయినా చోటు దొరకదు, అందుకే అమ్మ బొరియలోనే ఉండిపోతాయి. ఈమధ్య ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో ఇంకో జాతి మోల్ ర్యాట్లని చూస్తే ఒంటరి ఆడవి కూడా ఏళ్ల తరబడి బతికేస్తా ఉన్నాయి, కాబట్టి కరువు ఒక్కటే కారణమంటే నేనైతే నమ్మను.

పందికొక్కు సంగతంటారా, వరిమడిలో మట్టి మెత్తన, వెన్నులు నెత్తిమీదే, తోడు దేనికి? దోచుకుపోను తప్ప. ఇది నా లెక్క, తప్పయినా అవచ్చు. తాత మాత్రం అది దాచుకున్న వడ్లన్నీ తువ్వాల్లో మూటకట్టుకుని పక్క గెనెం మీదికి పోయినాడు.