అలవాట్ల వర్క్‌బుక్: అపోహలు, వాస్తవాలు, మా పిన్ని పాల లెక్క

నేను రాసేవి చదివి పక్కన పెట్టే పుస్తకాలు కావు, పెన్ను పట్టుకుని నింపాల్సినవి. ఒక అలవాటు చేసుకోవడానికో మానుకోవడానికో పనికొచ్చే వర్క్‌బుక్కులు. మొదటిది అచ్చయ్యాక సాయంత్రం నడకకి పనికొస్తుందని మా పిన్నికి ఒక కాపీ ఇచ్చాను. రెండు నెలల తర్వాత వాళ్లింట్లో తెరిచి చూస్తే ఎనిమిది గడుల్లో టిక్కులున్నాయి, తొమ్మిదోది ఖాళీ. అక్కణ్ణుంచి పాల లెక్క మొదలైంది. అర లీటరు, లీటరు, అర లీటరు, రాలేదు. ఆ లెక్క మాత్రం ఒక్క రోజూ తప్పలేదు.

అపోహ: 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుంది

నా మొదటి పుస్తకంలో సరిగ్గా 21 గడులే ఉన్నాయి. తప్పు నాదే. ఈ అంకె ఎక్కువగా ప్రచారంలోకి వచ్చింది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ వల్ల. ఆపరేషన్ తర్వాత కొత్త ముఖానికి అలవాటు పడటానికి తన పేషెంట్లకి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన 1960లో రాశాడు. చేతులు మారేకొద్దీ 'కనీసం' రాలిపోయింది, ముఖం కాస్తా అలవాటైంది.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించి 2009లో ప్రచురించిన పరిశోధనలో తేలింది వేరు. చేసే పని దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు. ఒకరికి 18 చాలు, మరొకరికి లెక్కగడితే 254. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్దగా నష్టం లేదని కూడా అందులోనే ఉంది. గడులు గీసేవాళ్లం గోడకి అంటించుకోవాల్సింది ఈ ముక్క.

అంత దూరం ఎందుకు, అయ్యప్ప మాల చూడండి. 41 రోజులు సిగరెట్టు, మందు ముట్టనివాళ్లు మాల తీసిన వారంలోనే మళ్లీ మొదలుపెట్టడం మనందరం చూసిందే. భక్తి తక్కువై కాదు. దీక్షలో ఉన్నన్నాళ్లూ బట్టలు వేరు, పడక వేరు, పిలుపు వేరు. టీ కొట్టు దగ్గర స్నేహితుడు కూడా 'స్వామీ' అని పక్కకి జరుగుతాడు. మాల తీయగానే పాత చొక్కా, పాత టీ కొట్టు, పాత పిలుపు. అందుకే ఇప్పుడు నా పుస్తకాల్లో 'ఎన్ని రోజులు' కన్నా 'ఎక్కడ, ఎవరితో, దేని తర్వాత' అన్న గడులే ఎక్కువ.

అపోహ: ఖాళీలు ఎంత ఎక్కువుంటే పుస్తకం అంత ఇంటరాక్టివ్

'మీ జీవిత లక్ష్యం ఏమిటి?' అని అరపేజీ వదిలితే జనం మొహమాటానికి రెండు లైన్లు రాసి మూసేస్తారు. పనికొచ్చే ఖాళీ చిన్నది: '____ అవగానే ____ చేస్తాను.' పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్టు ఏళ్ల తరబడి పరీక్షించింది ఈ వాక్యాన్నే. 2006లో షీరన్ అనే మరో సైకాలజిస్టుతో కలిసి 94 అధ్యయనాలని ఒకచోట పేర్చి చూస్తే ఫలితం బాగానే కనిపించింది. పిన్ని మొదట రాసింది 'రోజూ నడుస్తాను' అని. కొత్త కాపీలో 'టీ గ్లాసు సింకులో పెట్టగానే చెప్పులు వేసుకుంటాను' అని రాయించాను. పాల లెక్కకి ఆ బాధ లేదు, కాలింగ్ బెల్ మోగితే చాలు.

అపోహ: మానడానికి గట్టి సంకల్పం చాలు

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాకు ఈ సామెత మీద కోపం. అమెరికాలో ఒక ప్రయోగంలో సినిమా చూసేవాళ్లకి వారం రోజుల పాత పాప్‌కార్న్ ఇచ్చారు. హాల్లో తినే అలవాటు బలంగా ఉన్నవాళ్లు తాజాదాన్ని తిన్నంతా తినేశారు. ఎడమచేతివాటం లేనివాళ్లని ఎడమ చేత్తో తినమంటే ఆ జోరు తగ్గింది. గోళ్లు కొరకడం లాంటివాటికి 1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు చెప్పిన పద్ధతీ ఇలాంటిదే: చెయ్యి నోటి దాకా వెళ్తోందని పసిగట్టడం, వెంటనే ఆ చేతికి వేరే పని, పిడికిలి బిగించడమో ఏదో, ఇవ్వడం. కాబట్టి 'మానేశాను' అనే గడి నేను పెట్టను, 'బదులుగా ఏం చేశాను' అని పెడతాను.

మద్యం సంగతి వేరు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ దాకా పోవచ్చు. అది డాక్టరు పని. ఆ పేజీలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 తప్ప గడులేమీ ఉండవు.

అపోహ: ఇంటరాక్టివ్ అంటే డిజిటలే

పీడీఎఫ్‌లో తెలుగు నింపి చూడండి. చాలా ఫోన్లలో ఒత్తులు విడిపోయి 'అమ్మ' కాస్తా 'అమ్‌మ' అవుతుంది. కాగితంలోనూ తిప్పలున్నాయి. మొదటిసారి మెరుస్తుందని ఆర్ట్ పేపరు వేయించాను, పెన్ను జారి సిరా అలికింది. ఇప్పుడు 'మాప్లితో' అనే మెరుపు లేని కాగితం, స్పైరల్ బైండింగ్. ఖర్చు పెరిగినా పుస్తకం బల్ల మీద తెరిచి పెడితే మూసుకోదు.

అన్నిటికన్నా పెద్ద మార్పు పిన్ని లెక్క చూసి నేర్చుకున్నది. పాలవాడు రాని రోజుని ఆవిడ ఖాళీగా వదల్లేదు, 'రాలేదు' అని రాసి మర్నాడు మళ్లీ మొదలుపెట్టింది. అందుకని ప్రతి గడి పక్కనా 'ఎందుకు కుదరలేదు' అని ఒక సన్నటి గీత పెట్టాను. మొన్న కొత్త కాపీ చూశాను. మూడు రోజులకి కలిపి 'అన్నవరం, పెళ్లి' అని రాసుంది, నాలుగో రోజు టిక్కు. పాల లెక్క వెనకట్ట మీదకి మారింది.