పింగాణీ చక్రం ఓర్చుకున్నంత వరకే

జపాన్ స్పోర్ట్స్ కారు నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లో 1989లో వచ్చిన ఆర్32 మోడల్‌కి కాగితం మీద 280 హార్స్‌పవరే. అంతకు మించి చూపించకూడదని అప్పట్లో జపాన్ కార్ల కంపెనీలు తమలో తాము ఓ మాట అనుకున్నాయి. ఆ పెద్దమనుషుల ఒప్పందం 2004 దాకా నడిచింది. దీని 2,568 సీసీ ఇంజిన్, అదే ఆర్‌బీ26, రేసుల్లో దాదాపు 600 దాకా ఇచ్చింది. 1990 నుంచి 1993 వరకు షోరూం కార్లనే మార్చి దింపే జపాన్ గ్రూప్-ఏ పోటీల్లో 29 రేసులు ఆడి 29 గెలిచింది. దాంతో "లోపల బోలెడు బలం దాచిపెట్టారు, కాస్త బూస్ట్ (టర్బో గాలిని నొక్కే ఒత్తిడి) పెంచితే చాలు" అని కొన్నవాళ్లందరికీ అనిపిస్తుంది. ఇంజిన్ దిమ్మ వరకు ఆ మాట నిజమే. దానికున్న రెండు టర్బోల సంగతి వేరు.

టర్బోలో ఒకే ఇరుసుకి రెండు వైపులా రెండు చక్రాలుంటాయి. బయటికి పోయే వేడి పొగ ఒకదాన్ని తిప్పుతుంది, రెండోది గాలిని ఒత్తి సిలిండర్లలోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే ఎక్కువ పెట్రోలు మండించవచ్చు. ఆర్32లో పొగ వైపు చక్రం లోహం కాదు, సిలికాన్ నైట్రైడ్ అనే పింగాణీ జాతి పదార్థం. బరువు లోహంలో సగం కూడా ఉండదు కాబట్టి యాక్సిలరేటర్ తొక్కగానే గిర్రున అందుకుంటుంది. చిక్కల్లా పింగాణీ వంగదు, పగులుతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే చక్రమది. వేగం రెట్టింపైతే దాన్ని చీల్చే బలం నాలుగింతలవుతుంది. కంపెనీ పెట్టిన బూస్ట్ 0.7 బార్ చుట్టుపక్కల (ఒక బార్ అంటే ఇంచుమించు మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడంత). బూస్ట్‌ని అదుపు చేసే గొట్టంలోని చిన్న అడ్డుబిళ్ల తీసేస్తే 0.9 దగ్గరికి వెళ్తుంది, ఖర్చు దాదాపు సున్నా. ఒక బార్ దాటించారా, చక్రం ఊడి ముక్కలైపోవచ్చు. ఆ ముక్కలు సైలెన్సర్ వైపు పోతే అదృష్టమే.

ఇక వేడి. ముప్పై డిగ్రీల గాలిని రెండింతల ఒత్తిడికి నొక్కితే అది వంద డిగ్రీలు సులువుగా దాటుతుంది (సైకిల్ పంపు అడుగు కాలడం గుర్తుందిగా). ఇంటర్‌కూలర్ చాలావరకు చల్లార్చినా, మిగిలిన వేడికి పెట్రోలు తన వేళకు ముందే అంటుకుంటే అదే నాకింగ్. పిస్టన్లను తినేసేది అదే. ఈ కారు జపాన్‌లో దొరికే 100 ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే శక్తిని చెప్పే అంకె) పెట్రోలు తాగి పెరిగింది. పాతికేళ్లు దాటిన కార్లను అమెరికా రానిస్తుంది కాబట్టి అక్కడి మనవాళ్లు కొందరు వీటి మీద మనసు పడుతున్నారు. కాలిఫోర్నియా బంకులో కనిపించే 91 వేరే లెక్క. జపాన్ కొలతలో చెప్తే అది సుమారు 95, 96. అంటే బూస్ట్ ముట్టుకోకముందే కాస్త వెనకబడి ఉన్నట్టు.

అందుకే నా వరకు మొదటి డబ్బు టర్బోకి కాదు, కంప్రెషన్ టెస్టుకి, అంటే సిలిండర్లు ఒత్తిడిని ఎంత నిలుపుతున్నాయో చూసే పరీక్షకి. ఆరు సిలిండర్లూ ఇంచుమించు ఒకే అంకె చూపించాలి. ముప్పై ఏళ్ల రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు మార్చి, నమ్మదగిన బూస్ట్ గేజ్ పెట్టాలి. పొగ తేలిగ్గా బయటపడేలా ఎగ్జాస్ట్ వేస్తే బూస్ట్ దానంతటదే కొంచెం పెరుగుతుంది, గేజ్ లేకపోతే ఆ సంగతే తెలీదు. ఇంకా కావాలంటే అదే సైజులో ఉక్కు చక్రాల టర్బోలు. నిస్సానే తన రేసు రకం ఎన్1 కార్లకి వేసినవి అవే. వాటితో పాటు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ట్యూనింగ్ తప్పనిసరి. రెండు టర్బోలూ పీకేసి ఒకే పెద్ద టర్బో పెట్టేవాళ్లున్నారు. ఫొటోలో బాగుంటుంది, కానీ సిగ్నల్ దగ్గర అది ఊపందుకునే లోపు పక్కనున్న ఆటో వెళ్లిపోతుంది.

విప్పిన పాత టర్బోలను మాత్రం అమ్మేయకండి. నోళ్లు మూసి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి. రేపు కారు కొనేవాడు మొదట అడిగేది వాటినే.