లాంగ్ కోవిడ్‌ను ముందు పట్టుకుంది రోగులే

2020 ఫిబ్రవరిలో చైనాలో పర్యటించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం ఒక లెక్క చెప్పింది. కరోనా స్వల్పంగా సోకితే సుమారు రెండు వారాల్లో, ముదిరితే మూడు నుంచి ఆరు వారాల్లో కోలుకుంటారని. ప్రపంచమంతా ఆ మాటే పట్టుకుంది.

ఆ లెక్కకు అందనివాళ్లు కొద్ది నెలల్లోనే బయటపడ్డారు. లివర్‌పూల్‌లో అంటువ్యాధుల ప్రొఫెసర్ పాల్ గార్నర్‌నే తీసుకోండి. ఏడు వారాలైనా ఒళ్లు స్వాధీనంలోకి రాలేదని, తల దిమ్ము, ఆయాసం, చెవుల్లో హోరు ఒకటి పోతే ఒకటి వస్తున్నాయని 2020 మేలో బ్రిటిష్ మెడికల్ జర్నల్ బ్లాగులో రాశారు. అదే నెలలో ఇటలీ పురావస్తు పరిశోధకురాలు ఎలీసా పెరెగో ట్విటర్‌లో 'లాంగ్ కోవిడ్', అంటే ఎంతకూ వదలని కోవిడ్, అని హ్యాష్‌ట్యాగ్ పెట్టారు. కొందరు రోగులైతే ప్రశ్నావళి తామే తయారుచేసుకుని 640 మంది జవాబులు పోగుచేశారు. నిజానికి అది పరిశోధన సంస్థలు చేయాల్సిన పని.

అయినా చాలామంది డాక్టర్లు వీళ్ల మాట నమ్మలేదు. ఎందుకు? రోగుల్లో చాలామంది చేతిలో పాజిటివ్ రిపోర్టు లేదు. బ్రిటన్‌లో ఆ మార్చి నుంచి టెస్టులు ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవారికే. ఇంట్లోనే జ్వరపడి లేచినవాళ్లకు రుజువెక్కడిది? మామూలు రక్తపరీక్షల్లోనూ తరచూ ఏమీ తేలేది కాదు. ఇక అంతా టెన్షన్ వల్లేనని పంపేసేవారు.

వైరస్ పోయాకా ఒళ్లు తేరుకోకపోవడం మనకు కొత్త కాదు. 2006 చికున్‌గున్యా తర్వాత కీళ్లనొప్పులతో నెలల తరబడి మూలిగినవాళ్లు మన ఊళ్లలో ఎందరో. అయినా 2020 సెప్టెంబరులో కోలుకున్నవారికి కేంద్రం ఇచ్చిన సూచనల్లో యోగా, గోరువెచ్చని నీళ్లు, చ్యవనప్రాశ ప్రముఖంగా కనిపించాయి. మరుసటి ఏడాది సెకండ్ వేవ్‌లో, అదుపులేని షుగర్, అతిగా వాడిన స్టెరాయిడ్లు తోడై బ్లాక్ ఫంగస్ విరుచుకుపడింది. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి దానికి ప్రధాన కేంద్రమైంది. ఆంధ్రప్రదేశ్ దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చింది. కన్ను, దవడ తీసేయాల్సొచ్చే జబ్బు, ఆ హడావుడి సబబే. అయితే లాంగ్ కోవిడ్ తెచ్చే, పైకి కనిపించని నీరసం, మతిమరుపు ఆ గోలలో మరుగునపడ్డాయనే అనుకుంటాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లాంగ్ కోవిడ్‌కు నిర్వచనం ఇచ్చింది 2021 అక్టోబరులో. కరోనా సోకాక సాధారణంగా మూడు నెలలకు కనిపించి, కనీసం రెండు నెలలుండి, వేరే కారణం దొరకని బాధలు దీని కిందికి వస్తాయి. ఖాయంగా తేల్చే పరీక్ష ఇప్పటికీ లేదు. థైరాయిడ్, రక్తహీనత, షుగర్ లాంటివి కావని చూసుకున్నాకే లాంగ్ కోవిడ్ అంటున్నారు.