బకెట్ ఇండెక్స్ గొడవ ఎక్కడ మొదలైంది

మారతహళ్లిలో మేం మధ్యాహ్నం భోజనానికి వెళ్లే ఆంధ్రా మెస్‌లో వడ్డించేవాళ్లు నలుగురున్నా టోకెన్ ఇచ్చే మనిషి ఒక్కడే. ఒంటిగంటకల్లా లైను రోడ్డు మీదికి వచ్చేస్తుంది, లోపల బల్లలు ఖాళీగానే ఉంటాయి. సెఫ్ (చాలా సర్వర్ల డిస్కుల్ని కలిపి ఒకే పెద్ద స్టోరేజీగా చూపించే సాఫ్ట్‌వేర్) క్లస్టర్‌లో పెద్ద బకెట్, అంటే ఫైళ్లు దాచుకునే సంచి లాంటిది, నెమ్మదించిందని ఎవరైనా అంటే నాకు ముందు ఆ టోకెన్ కౌంటరే గుర్తొస్తుంది. మేనేజర్లేమో ఇంకో నాలుగు డిస్కులు కొందామంటారు.

సెఫ్ పుట్టింది శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, సేజ్ వైల్ పీహెచ్‌డీ పనిగా. దాని మీద పేరున్న పేపర్ 2006లో వచ్చింది. ఏ ఆబ్జెక్ట్ (దాచిన ఫైల్ లాంటిది) ఏ డిస్కులో ఉందో రాసిపెట్టుకునే పట్టికే అక్కర్లేదు, పేరు చెబితే క్రష్ అల్గారిథమ్ చోటు లెక్కగట్టేస్తుంది, దాని గొప్పంతా అదే. సరిగ్గా అదే ఏడాది మార్చిలో అమెజాన్ వాళ్ల స్టోరేజీ సేవ ఎస్3 మొదలైంది. అక్కడ బకెట్‌లో ఏమున్నాయని అడిగితే పేర్లు అక్షర క్రమంలో, విడతకు 1000 దాకా ఇవ్వాలి. పేరుని అంకెగా మార్చి చోటు చెప్పే హాష్‌కి క్రమం ఏం తెలుసు? అందుకని ఎస్3 భాష మాట్లాడే సెఫ్ గేట్‌వే, అంటే ఆర్‌జీడబ్ల్యూ, ప్రతి బకెట్‌కీ విడిగా ఒక చిట్టా, అంటే ఇండెక్స్, పెట్టుకోవాల్సి వచ్చింది. పట్టిక వద్దని కట్టిన ఇంట్లోకి పట్టిక దొడ్డిదారిన వచ్చిందన్నమాట.

మొదట్లో బకెట్ ఎంత పెద్దదైనా చిట్టా ఒకే ఒక్క ఆబ్జెక్ట్, అందులో పేర్లన్నీ ఓమ్యాప్ (ఆబ్జెక్ట్‌కి తగిలించే కీ-విలువల జాబితా) కీలు. ఒక్క ఫైల్ ఎక్కించాలంటే చిట్టాని రెండుసార్లు ముట్టుకోవాలి, రాసే ముందు ఒకసారి, రాశాక ఒకసారి, ఆ రాతలన్నీ ఒకే ఓఎస్‌డీ (ఒక డిస్కుని చూసుకునే ప్రోగ్రామ్) మీద పడేవి. ఆ ఓఎస్‌డీ పడిపోయి లేచిందంటే ఇంకా టెన్షన్: లక్షల కీలున్న ఆ ఆబ్జెక్ట్‌ని మొత్తంగా ఒకేసారి కోలుకునేలా చేయాలి, అప్పటిదాకా అప్‌లోడ్‌లు ఆగుతాయి, థ్రెడ్ ఎక్కువసేపు ఇరుక్కుపోతే సూసైడ్ టైమౌట్ తగిలి ఓఎస్‌డీ తనంతట తనే ఆగిపోతుంది (పేరు నేను పెట్టింది కాదు).

2015 ఏప్రిల్‌లో వచ్చిన సెఫ్ వెర్షన్ హ్యామర్‌లో చిట్టాని షార్డ్‌లుగా, అంటే ముక్కలుగా, చీల్చారు. కానీ ఎన్ని ముక్కలో బకెట్ సృష్టించేటప్పుడే చెప్పాలి. అప్పుడెవరికి తెలుసు? నేను అప్పట్లో పనిచేసిన ఓ కంపెనీలో, స్కాన్ చేసిన బిల్లుల కోసం ఎవరో 'టెస్ట్' అని ఒక బకెట్ తెరిచారు, ఒక్కటే షార్డ్, చూస్తుండగానే అదే ప్రొడక్షన్ అయి కోట్లలోకి వెళ్లింది. తర్వాత జ్యూయెల్ వెర్షన్ కాలంలో ముక్కల సంఖ్య మార్చే రీషార్డ్ కమాండ్ వచ్చింది గానీ, రాతలు ఆపి చేయాలి. శనివారం రాత్రి గేట్‌వేలు ఆపేసి, కాఫీలు తాగుతూ తెల్లవార్లూ కూర్చున్నాం.

2017 ఆగస్టులో లూమినస్‌తో ఇది ఆటోమేటిక్ అయింది: షార్డ్‌కు సగటున లక్ష ఆబ్జెక్ట్‌లు దాటితే సెఫ్ తానే చీల్చుకుంటుంది. డిఫాల్ట్‌గా 1999 షార్డ్‌ల వరకు, అంటే దాదాపు 20 కోట్ల ఆబ్జెక్ట్‌లకి సరిపోతుంది. (1999 ప్రధాన సంఖ్య, హాష్ సమంగా పరుచుకోవాలని అలాంటివే ఎంచుకుంటారు.) అయినా చీల్చే కాసేపు ఆ బకెట్‌లో రాతలు ఆగేవి, పాత చిట్టాలు చెత్తలా మిగిలిపోయేవి, రెండు సైట్ల మధ్య రెప్లికేషన్ ఉన్నవాళ్లయితే 2023లో రీఫ్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో నాటిలస్‌లో పెద్ద ఓమ్యాప్ హెచ్చరిక గీతని 20 లక్షల కీల నుంచి 2 లక్షలకు దించారు. అప్‌గ్రేడ్ చేసినవాళ్లు డీప్ స్క్రబ్ (దాచిన డేటాని సరిచూసే పని) తర్వాత క్లస్టర్ పసుపు రంగుకి తిరిగితే కంగారుపడ్డారు గానీ, జబ్బు పాతదే.

చీల్చినందుకు మూల్యం లిస్టింగ్ దగ్గర కట్టాలి. 5 కోట్ల ఆబ్జెక్ట్‌లంటే సుమారు 500 షార్డ్‌లు, పేర్లు హాష్ ప్రకారం చెదిరిపోయి ఉంటాయి కాబట్టి వరుసలో 1000 కావాలన్నా 500 చోట్లా అడిగి కలపాలి. ఒకప్పుడు ప్రతి షార్డ్‌నీ వెయ్యేసి అడిగేది, 5 లక్షల పేర్లు తెచ్చి వెయ్యి చేతిలో పెట్టి మిగతావి పారబోసేది. తర్వాత ఎన్ని అడగాలో అంచనా వేయడం నేర్చుకుంది, వరుస అక్కర్లేదంటే అలాగే ఇచ్చే వీలూ పెట్టారు.

మా 'టెస్ట్' బకెట్‌ని అన్నేసి షార్డ్‌లుగా చీల్చాక కూడా రాత్రి 2 గంటలకి అలర్ట్ వస్తూనే ఉండేది. తవ్వితే ఎవరిదో, టైం ప్రకారం దానంతట అదే నడిచే క్రాన్ స్క్రిప్ట్, నిన్నటి ఒక్క ఫైల్ వచ్చిందో లేదో చూడటానికి బకెట్ మొత్తం లిస్ట్ చేస్తోంది. నేరుగా ఆ ఫైల్ పేరుతో ఉందా లేదా అని అడిగే ఒక్క హెడ్ రిక్వెస్ట్ పెడితే సరిపోయే పని. మార్చాం. బకెట్ పేరు మార్చే ధైర్యం మాత్రం నేనున్నంత కాలం ఎవరూ చేయలేదు.