నగరం మీద పడ్డ రాక్షసుడు: ఆట నడిపేవాళ్ల అపోహలు, వాస్తవాలు

కొత్తగా రోల్‌ప్లేయింగ్ ఆట (తలో పాత్ర వేసుకుని, డైస్ వేస్తూ కథ నడిపే ఆట) నడపబోయే డంజియన్ మాస్టర్లు చాలామంది ముందుగా ఎంచుకునే కథ ఇదే. ఊరి మీద రాక్షసుడు పడ్డాడు, హీరోలు వచ్చి కాపాడాలి. వినడానికి తేలిక. టేబుల్ దగ్గర మాత్రం రెండో గంటకల్లా చప్పబడిపోతుంది, ఎందుకంటే తయారీ అంతా రాక్షసుడి మీదే పెట్టి ఊరిని గాలికి వదిలేస్తారు.

ఇక్కడి లెక్కలన్నీ అలాంటి ఆటల్లో ఒకటైన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ 2014 నిబంధనలవి. ఉదాహరణకి మనందరికీ తెలిసిన ఏకచక్రపురం, బకాసురుడు. ఆడేది నలుగురు, అందరూ ఐదో లెవెల్ క్యారెక్టర్లు.

అపోహ: రాక్షసుడు ఎంత పెద్దగా ఉంటే ఆట అంత రంజుగా ఉంటుంది

నగరాన్ని నాశనం చేసే మృగం అనగానే అందరి చెయ్యీ తరాస్క్ అనే మహామృగం మీదికే పోతుంది. దాని ఛాలెంజ్ రేటింగ్ (ఎంత కష్టమో చెప్పే అంకె) 30, హిట్ పాయింట్లు (ప్రాణబలం) 676, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే దాడి మొత్తం అందుకోవాల్సిన అంకె) 25. ఐదో లెవెల్ ఫైటర్ (యోధుడు) దాడి చేస్తే డైస్ మీద పడ్డదానికి సాధారణంగా 7 కలుస్తుంది. అంటే ఇరవై ముఖాల డైస్ మీద 18 గానీ ఆపైన గానీ పడాలి. వందలో పదిహేను సార్లు. తగిలినా, మామూలు కత్తి అయితే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ప్లేయర్లు గంటలకొద్దీ డైస్ వేసి ‘తగల్లేదు’ అనుకుంటూ కూర్చోవాలి.

డ్రాగన్ పిల్లది కదా అని తెచ్చినా ఇబ్బందే. యంగ్ రెడ్ డ్రాగన్ నిప్పు ఊదితే సగటున 56 డ్యామేజీ. కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) 14 ఉన్న ఐదో లెవెల్ విజార్డ్‌కి (మంత్రగాడికి) ఉండేవి 32 హిట్ పాయింట్లు. సేవింగ్ త్రో (తప్పించుకోడానికి వేసే డైస్) నెగ్గితే సగమే తగిలి 28 పోయి 4 మిగులుతాయి, ఓడితే మొదటి రౌండులోనే నేల మీద.

తరాస్క్ అసలు పుట్టిల్లు ఫ్రాన్స్‌లో రోన్ నది ఒడ్డునున్న తరాస్కోన్ పట్టణం. అక్కడి గాథలో దాన్ని ఏ వీరుడూ గెలవలేదు. సెయింట్ మార్తా పవిత్ర జలం చల్లి, తన నడికట్టుతో కట్టి ఊళ్లోకి నడిపించుకొస్తే, సాధువైన ఆ జంతువుని భయంతో ఊరివాళ్లే బల్లేలతో, రాళ్లతో చంపేశారు. కథకి బలం ఆ జనం చేసిన పనిలోంచి వచ్చింది.

బకుడికి హిల్ జయింట్ అనే రాక్షసుడి లెక్కలు చక్కగా సరిపోతాయి: హిట్ పాయింట్లు 105, ఆర్మర్ క్లాస్ 13. రాయి విసురుతాడు, తగిలితే సగటున 21. రాయి అన్నచోట చెట్టు అనండి, బకుడు వచ్చేస్తాడు.

అపోహ: ఒక్క రాక్షసుడు చాలు, నలుగురికీ సమ ఉజ్జీ

ఒక రౌండులో వాళ్లకి నాలుగు వంతులు, ఇతనికి ఒకటి. గురి తప్పినవి పోగా నలుగురూ కలిసి రౌండుకి 40 కొట్టినా మూడో రౌండులో బకుడు పోతాడు. ఆట కాలమానంలో రౌండంటే 6 సెకన్లు. ఊరంతటినీ వణికించినవాడు 18 సెకన్లలో పడిపోతే ప్లేయర్లే మొహమొహాలు చూసుకుంటారు.

పోరాటం ఎంత కష్టమో లెక్కేసే ఎక్స్‌పీరియన్స్ పాయింట్లలోనూ అదే కనిపిస్తుంది. హిల్ జయింట్ 1800. ఈ నలుగురికీ మీడియం (ఓ మోస్తరు) పోరాటం మొదలయ్యేదే 2000 దగ్గర. పక్కన ఒక ఓగర్‌ని (ఇంకాస్త చిన్న రాక్షసుణ్ణి) చేర్చండి: 1800కి 450 కలిపి, ఇద్దరున్నారు కాబట్టి ఒకటిన్నరతో హెచ్చిస్తే 3375. హార్డ్ (కష్టమైన) పోరాటం గీత 3000, డెడ్లీ (ప్రాణాంతకమైన) గీత 4400. సరిగ్గా కావలసిన చోట పడింది. ఉత్సాహంగా ఇద్దరు ఓగర్లని పెడితే 2700కి రెట్టింపు, 5400. ఒక్కరిని చేర్చినందుకే గీత దాటిపోయింది. బకుడి బంధుగణం కథలోనే ఉంది కాబట్టి ఓగర్ అతికించినట్టు అనిపించడు. మొదట్లోనే దింపకండి. బకుడి హిట్ పాయింట్లు సగానికి, అంటే 52కి పడ్డప్పుడు పొదల్లోంచి రానివ్వండి.

ఇంకో మాట. మన టేబుల్స్ మీద ఎవరో ఒకరు భీముడిలా బండి మీది అన్నం తింటూ కూర్చుంటామంటారు. ఆపకండి, దానికి నియమం సిద్ధంగా పెట్టుకోండి. తింటున్నవాడి మీద బకుడి దాడికి అడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి పెద్దది తీసుకోవడం) ఉంటుంది. కానీ కోపంతో ఆ రౌండంతా అతన్నే కొడతాడు, మిగతా ముగ్గురి వైపు చూడడు. దెబ్బ ఓర్చుకోగల బార్బేరియన్‌కి అది మంచి బేరం.

అపోహ: ఊరంతా రాక్షసుడికి వ్యతిరేకమే, హీరోలు రాగానే దండలేస్తారు

ఈ ఒక్కటి సరిచేసుకుంటే సగం పని అయిపోయినట్టే. ఏకచక్రపురానికి బకుడితో ఒప్పందం ఉంది. రోజుకో ఇంటి వంతు: బండెడు అన్నం, రెండు దున్నపోతులు, తోలుకెళ్లిన మనిషి. బదులుగా పరాయివాళ్లెవరూ ఆ ప్రాంతం జోలికి రారు. రాజు చేతకానివాడు, రక్షణ బకుడిదే. తప్పించుకోబోయినవాణ్ణి భార్యాబిడ్డలతో సహా తినేస్తాడు. డబ్బుంటే తన బదులు ఒక మనిషిని కొని పంపవచ్చు. పాండవులున్న ఇంటి బ్రాహ్మణుడి దగ్గర ఆ డబ్బు లేదు.

ఇప్పుడు అడగండి: ఈ ఏర్పాటు వల్ల బాగుపడేది ఎవరు? దున్నపోతులమ్మే వ్యాపారి. కాపలా ఖర్చు లేకుండా సరుకు తోలుకునే వర్తకులు. వంతుల చిట్టా రాసే కరణం. ఆ చిట్టాని నిజంగా కాగితం మీద రాసి ప్లేయర్ల చేతికివ్వండి. పన్నెండు పేర్లు, అందులో మూడు కొట్టేసి ఉండాలి. ఒక పేరు వేరే రంగు సిరాతో కిందికి జరిపి ఉండాలి. ఆ సిరా గురించి వాళ్లు అరగంట మాట్లాడుకుంటారు.

బకుడే ఊరిని కాస్తున్నాడన్న నిజం ప్లేయర్లకి తట్టడానికి ఒక్క ఆనవాలు చాలదు, ఎవరో ఒకరు దాన్ని చూడకుండా దాటేస్తారు. మూడు పెట్టండి: సరిహద్దు ఠాణాలో తుప్పు పట్టిన బల్లేలు, కాపలా లేకుండా వచ్చే బిడారు, ఖజానా పద్దులో ‘బండి ఖర్చు’ అనే వరుస.

మనసు తాకాల్సిన చోట ఉపన్యాసాలొద్దు. ఆ ఇంట్లో తండ్రి నేను పోతానంటే తల్లి నేనంటుంది, కూతురు నేనంటుంది. పసివాడు గడ్డిపరక పట్టుకుని దీంతో రాక్షసుణ్ణి చంపుతానంటాడు. మీరు ఆ పిల్లవాడి మాట ఒక్కటి పలికి ఊరుకోండి.

అపోహ: ప్లేయర్లు సిద్ధమయ్యేదాకా రాక్షసుడు ఆగాలి

ఆగితే ఊరికి గండమే లేనట్టు. ఒక వృత్తం గీసి ఆరు ముక్కలు చేయండి. పూటకో ముక్క నింపండి, మూడు రోజుల గడువు. హీరోలు అడవిలో గోల చేసి తిరిగొచ్చినా, వాళ్ల సంగతి కరణానికి తెలిసినా ఇంకో ముక్క నింపండి. నిండగానే బండి కదులుతుంది, దాని మీద ఆ ఇంటి మనిషి ఉంటాడు. బండిని ఆపేస్తే ఆ రాత్రే బకుడు ఊళ్లోకి వస్తాడు, అప్పుడు ఏ వీధి ముందు కూలుతుందో కూడా రాసిపెట్టుకోండి. ఈ వృత్తాన్ని మీ తెర వెనక దాస్తే పని చేయదు. అందరికీ కనబడేలా టేబుల్ మధ్యలో ఉండాలి.

అపోహ: నగరం మ్యాప్ మొత్తం గీయాలి, పుస్తకాలన్నీ కొనాలి, ఇంగ్లిష్‌లోనే ఆడాలి

ఐదు చోట్లు చాలు: కోట గుమ్మం, సంత, చెరువు, కరణం ఇల్లు, అడవి అంచున మర్రి. ఒక్కో చోటికి ఒక మనిషి, పోరాటంలో పనికొచ్చే ఒక వస్తువు. ప్రాథమిక నిబంధనల పత్రం 5.1 వెర్షన్ 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా వాడుకోవచ్చనే అనుమతి) కింద ఉచితంగా వచ్చింది. హిల్ జయింట్, ఓగర్, తరాస్క్ అందులోనే ఉన్నాయి. భాష సంగతంటారా, డైస్ మాటలు ఇంగ్లిష్‌వే ఉండనివ్వండి, సంభాషణ తెలుగులో నడపండి. కరణం మొదట హీరోలని ‘నువ్వు’ అని పిలిచి, బేరానికి దిగే క్షణాన ‘మీరు’ అనడం మొదలెడితే చాలు, వాడి భయం ఏమిటో టేబుల్ అంతటికీ తెలిసిపోతుంది.

అపోహ: రాక్షసుడు చావగానే కథ అయిపోయింది

భీముడు బకుడి శవాన్ని ఊరి గుమ్మం దగ్గర పడేసి వెళ్లాడు. ఎవరు చంపారో చెప్పొద్దని కుంతి ముందే మాట తీసుకుంది. తర్వాతి సెషన్ అక్కడ మొదలుపెట్టండి. తెల్లవారింది, గుమ్మానికి అడ్డంగా కొండంత శవం. జనం పోగయ్యారు. నిన్నటి వంతు ఎవరిదని కరణం చిట్టా తిరగేస్తున్నాడు. కాపలా లేని బిడారు ఒకటి సరిహద్దు దాటి వస్తోంది, దాని వెనకే దుమ్ము లేస్తోంది.