రెండో అంగలోనే ఉంది కిటుకు

టీవీలో ట్రిపుల్ జంప్ చూసేటప్పుడు మన కళ్ళన్నీ చివరి దూకు మీదే ఉంటాయి. ఇసుక ఎంత ఎగజిమ్మింది, చెయ్యి వెనక్కి ఆనిందా అని చూస్తాం. నిజానికి అప్పటికే అసలు కథ ముగిసి ఉంటుంది. పెద్ద పోటీల్లో పురుషులు కాలు మోపి ఎగిరే పలక నుంచి ఇసుక గుంట దాకా 13 మీటర్ల గట్టి నేల ఉంటుంది. మహిళలకు 11 మీటర్లు. ఆ నేలను దాదాపుగా రెండే గెంతుల్లో దాటాలి. అందులోనూ షరతులు: ఏ కాలితో ఎగిరితే మొదట ఆ కాలి మీదే దిగాలి, రెండోది కాలు మార్చి వేసే అంగ, మూడోది ఇసుకలోకి. మొదటిది మన తొక్కుడుబిళ్ళలో పిల్లలు కుంటే పద్ధతే. కాకపోతే ఇక్కడ ఒక్క కుంటుకు ఆరు మీటర్లు.

1995 ఆగస్టు 7న స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ జరిగింది. బ్రిటన్ ఆటగాడు జొనాథన్ ఎడ్వర్డ్స్ మొదటి ప్రయత్నంలోనే 18.16 మీటర్లు దూకాడు. నిబంధనలకు లోబడి 18 మీటర్లు దాటిన మనిషి అంతకుముందు లేడు. రెండో ప్రయత్నంలో 18.29 దూకాడు. అంటే 60 అడుగులు, పైన వెంట్రుకవాసి. దాదాపు ఒకటిన్నర సిటీ బస్సులంత పొడవు. ముప్పై ఏళ్ళు గడిచినా ఆ అంకె చెక్కుచెదరలేదు.

ఎడ్వర్డ్స్ పహిల్వాను కాడు. ఎత్తు 1.81 మీటర్లు, బరువు సుమారు 71 కిలోలు. బట్టల కొట్లో గుమాస్తా అంటే నమ్మేటట్టు ఉండేవాడు. మరి అంత దూరం ఎలా దూకాడు?

చెరువు గట్టున నిలబడి పెంకుముక్కను నీటి మీద కప్పగంతులు వేయించిన వాళ్ళకు దీని సగం రహస్యం తెలిసే ఉంటుంది. పెంకును నిటారుగా వేస్తే ఒక్క మునక. నీటికి దగ్గరగా, బల్లపరుపుగా, వేగంగా విసిరితేనే అది నీటిని తాకి మళ్ళీ లేస్తుంది. ట్రిపుల్ జంప్‌లో ఉన్నత స్థాయి ఆటగాళ్ళు సెకనుకు సుమారు పది మీటర్ల వేగంతో పలకను చేరతారు. కాలు నేలకు తాకిన ప్రతిసారీ ఆ వేగంలో కొంత పోతుంది. మొదటి గెంతులో ఎంత ఎత్తుకు లేస్తే అంత బలంగా కిందికి పడతారు. ఆ దెబ్బకు మోకాలు ఎక్కువగా వంగుతుంది, నేల మీద ఆలస్యం జరుగుతుంది, వేగం కారిపోతుంది. ఎత్తు కావాలి, వేగమూ పోకూడదు. ఈ బేరమే ఈ ఆటంతా.

ఆ బేరం తేలేది రెండో అంగ దగ్గర. మొదటి గెంతు నుంచి దిగిన ఒంటికాలి మీద ఆ క్షణంలో పడే బలం శరీర బరువుకు పదింతలు దాటవచ్చు. 71 కిలోల మనిషి కాలి మీద ఏడు వందల కిలోల పైచిలుకు భారమన్నమాట. కాలు నేల మీద ఉండేదేమో సెకనులో ఏడో వంతు. అంతలోనే కండరాలు, స్నాయువులు సాగి, ముడుచుకుని, మనిషిని మళ్ళీ గాలిలోకి తోయాలి. అందుకే కాలు దిగే ముందే దాన్ని వెనక్కి లాగుతూ, నేలను గీరుతున్నట్టుగా మోపుతారు. ముందుకు చాచి మోపితే అది బ్రేకు వేసినట్టే.

ఎడ్వర్డ్స్ దూకును మూడుగా విడదీస్తే 6.05, 5.22, 7.02 మీటర్లు. మొదటి గెంతును తక్కువ ఎత్తులో ఉంచి, వేగాన్ని పొదుపు చేసి, ఆఖరున ఖర్చు పెట్టాడు. అతని గొప్పతనం ఆ 7.02లో ఉందని చాలామంది అంటారు. నా ఓటు మాత్రం 5.22కే.

ఎందుకో తెలియాలంటే వెనిజులా క్రీడాకారిణి యులిమార్ రోహాస్‌ను చూడాలి. ఎత్తు 1.92 మీటర్లు, పొడవాటి కాళ్ళు. 2021 ఆగస్టు 1న టోక్యో ఒలింపిక్స్‌లో 15.67 మీటర్లు దూకి, ఉక్రెయిన్ క్రీడాకారిణి ఇనెసా క్రావెట్స్ పేరిట 26 ఏళ్ళుగా ఉన్న 15.50 రికార్డును చెరిపేసింది. (క్రావెట్స్ రికార్డూ గోథెన్‌బర్గ్ మైదానంలోదే. ఎడ్వర్డ్స్ దూకిన మూడు రోజులకు!) రోహాస్ దూకు లెక్క 6.06, 3.82, 5.79. మరోసారి చూడండి: మొదటి గెంతులో ఆమె ఎడ్వర్డ్స్ కంటే ఒక సెంటీమీటరు ముందుంది. అంగలో 1.40 మీటర్లు వెనకబడింది. అంత పెద్ద గెంతు నుంచి దిగిన కాలికి మళ్ళీ ఎగరడానికి ఓపిక మిగలలేదు. అయినా ప్రపంచ రికార్డు! మరుసటి ఏడాది మార్చిలో బెల్‌గ్రేడ్ ఇండోర్ పోటీల్లో దాన్ని 15.74కు పెంచింది.

రికార్డులకు గాలి సాయం కూడా ఒక చిక్కు. 1968లో మెక్సికో నగరంలో, సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున, పలుచటి గాలిలో జరిగిన ఒలింపిక్స్‌లో ట్రిపుల్ జంప్ రికార్డు రెండు రోజుల్లో అయిదుసార్లు బద్దలైంది. ఇటలీ ఆటగాడు జెంటీలె 17.10, 17.22 దూకితే, సోవియట్ ఆటగాడు సనేయెవ్ 17.23 దూకాడు. బ్రెజిల్ ఆటగాడు ప్రుదెన్సియో 17.27కు చేరాడు. చివరి ప్రయత్నంలో సనేయెవ్ 17.39తో స్వర్ణం పట్టుకుపోయాడు. పాపం జెంటీలె, రెండుసార్లు ప్రపంచ రికార్డు సృష్టించి కాంస్యంతో ఇంటికి వెళ్ళాడు.

గోథెన్‌బర్గ్ సముద్రతీర నగరం కాబట్టి ఎడ్వర్డ్స్‌కు ఎత్తు కలిసిరాలేదు. వెనక నుంచి గాలి సెకనుకు 1.3 మీటర్లు, అనుమతించిన 2 మీటర్ల హద్దులోపే. అదే ఏడాది జూన్‌లో ఫ్రాన్స్‌లోని లీల్‌లో అతను 18.43 దూకాడు. గాలి 2.4 ఉండడంతో అది రికార్డుల పుస్తకానికి ఎక్కలేదు.

మన దేశపు రికార్డు ప్రవీణ్ చిత్రవేల్ 2023లో హవానాలో దూకిన 17.37. దానికి ముందు ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో ఎల్దోస్ పాల్ 17.03తో స్వర్ణం, అబ్దుల్లా అబూబకర్ 17.02తో రజతం గెలిచారు. తేడా చిటికెనవేలి వెడల్పు.

ఎడ్వర్డ్స్‌కు అందరికంటే దగ్గరగా వచ్చినవాడు అమెరికా ఆటగాడు క్రిస్టియన్ టేలర్. మోకాలి నొప్పి వల్ల ఎగిరే కాలినే మార్చుకున్నాడు. కుడిచేతి వాటం మనిషి ఎడమచేత్తో అక్షరాలు దిద్దుకున్నట్టు మొదటి నుంచి నేర్చుకుని, 2015 ఆగస్టులో బీజింగ్‌లో 18.21 దూకాడు. రికార్డుకు ఎనిమిది సెంటీమీటర్లు తక్కువ. ఆ దూకులో అతని బొటనవేలు పలక అంచుకు పది సెంటీమీటర్లకు పైగా వెనకే ఉండిపోయింది.