శివారుకు నీరు ఆలస్యంగానే అందుతుంది

వానలు తగ్గుముఖం పట్టేసరికి కోనసీమలో ఇంటికొకరు జ్వరంతో మంచం పట్టడం మామూలే. డెంగీ, చికెన్‌గున్యా, కాకపోతే పేరు తెలియని విషజ్వరం. చలికాలంలో మారథాన్ పరిగెత్తాలనుకునేవారికి సాధన ముమ్మరం కావలసిన రోజులూ అవే. 42.195 కిలోమీటర్ల కోసం నెలల తరబడి కాలువ గట్టు మీద చెమటోడ్చిన మనిషికి మూడు వారాలు పోతే అంతా పోయినట్టే అనిపిస్తుంది. నిజంగా పోయింది ఎంత?

పరుగు ఆపిన కొద్ది రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా తగ్గుతుంది. దాంతో పాత వేగానికే గుండె మరిన్నిసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. 1984లో అమెరికా వ్యాయామ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కోయిల్ బృందం బాగా సాధన ఉన్నవారి చేత వ్యాయామం మాన్పించి చూసింది. ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ సామర్థ్యం మూడు వారాల్లో 7 శాతం, ఎనిమిది వారాలకు 16 శాతం తగ్గింది. వాళ్లు లేచి తిరుగుతున్నవారు. మంచం పడితే లెక్క వేరు. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఐదుగురు యువకులను మూడు వారాలు మంచం మీదే ఉంచితే సామర్థ్యం నాలుగో వంతుకు పైగా పోయింది. ముప్పై ఏళ్ల తర్వాత వాళ్లనే మళ్లీ పరీక్షించారు. వయసు తీసుకున్నదానికన్నా ఆ మూడు వారాలు తీసుకున్నదే ఎక్కువ! అయితే అప్పట్లో మంచం దిగి సాధన మొదలుపెట్టాక పోయినదంతా కొద్ది వారాల్లోనే తిరిగి వచ్చింది.

అందుకే గుండె గురించి నాకు పెద్ద బెంగ లేదు, ఒక్క విషయంలో తప్ప. చెమట పట్టేలా పరిగెడితే జ్వరం దిగుతుందనే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. ఆ మాట వినకండి. కొన్ని వైరస్‌లు గుండె కండరాన్ని వాపెక్కిస్తాయి. అలాంటప్పుడు పరుగు ప్రాణం మీదికి తెస్తుంది.

అసలు చిక్కు మడమ దగ్గర. కట్టేసిన కాలువలకు మళ్లీ నీరు వదిలితే అవి మొదలయ్యే ధవళేశ్వరం దగ్గరి పొలాలు ముందు తడుస్తాయి, కాలువ చివరనున్న శివారు రైతు ఎదురుచూస్తూనే ఉంటాడు. ఒంట్లోనూ అంతే. ప్లాస్మా తొందరగా పుంజుకుంటుంది, ఊపిరి సర్దుకుంటుంది, కాళ్లు తేలికవుతాయి. పిక్కను మడమ ఎముకకు కలిపే అకిలిస్ స్నాయువు మాత్రం శివారు భూమి. దానికి రక్తనాళాలు తక్కువ. పైగా అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ ఆనవాళ్ల ఆధారంగా డెన్మార్క్ పరిశోధకులు 2013లో ఒక సంగతి తేల్చారు: ఆ స్నాయువు నడిభాగం సుమారు పదిహేడేళ్ల వయసులోపే తయారవుతుంది, ఆపైన దాదాపు మారదు. ఊపిరి బాగుంది కదా అని పోయిన కిలోమీటర్లన్నీ వారంలో వసూలు చేయబోతే దెబ్బ తినేది అదే. పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగుల్లో మడమ వెనుక బిగుసుకుపోయినట్టున్నా, రెండు వేళ్లతో నొక్కితే చురుక్కుమన్నా ఆ రోజు పరుగు మానేయాలి.

గట్టునూ పూర్తిగా నమ్మలేం. మధ్యలో ఎత్తు, పక్కలకు వాలు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మన ఎడమచేతి వైపు అంచే పట్టుకుంటే ఎడమ కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది.

ఇక మన ఉక్కపోత. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. వేడికి అలవాటుపడిన శరీరం కూడా మంచం మీద ఆ అలవాటు పోగొట్టుకుంటుంది. మొదటి రెండు వారాలు గడియారం ఇంట్లో పెట్టి, పక్కవాడితో మాట్లాడగలిగే వేగంలో పరిగెత్తడం మేలు. పోటీకి నెల మాత్రమే మిగిలితే, నా మటుకు నేను 21 కిలోమీటర్ల పరుగుకు పేరు మార్పించుకుంటాను. అందుకు నిర్వాహకులు గడువు పెడతారు, ముందే కనుక్కోండి.